లెక్కకు రాని రాళ్లు

మామిడి కోసిన రాత్రి తోటలో ఎవరూ పడుకోరు. కాయ దిగి ఉంటుంది, లారీ వచ్చి ఉండదు. బాపులపాడు నుంచి నూజివీడు వైపు పోయే దారిలో, లోపలికి తిరిగితే వచ్చే ఒక తోటలో మే నెల రాత్రి నేనూ అలా మేలుకుని కూర్చున్నాను. కాయ నాది కాదు. నాది రెండు రోజుల ముందే నున్న మార్కెట్టుకి పోయింది. పక్క తోటవాణ్ణి కాబట్టీ, కావలి పాకలో టీ ఫ్లాస్కు ఉంది కాబట్టీ కూర్చున్నాను.

వాదించుకున్నది ఇద్దరు. తోట ఆసామికి అరవై ఏడేళ్లు. ఆయన తమ్ముడి కూతురు విజయవాడలో ఫిజిక్సు లెక్చరరు, సెలవులకు వచ్చింది. పేర్లు రాయను. ఆయన్ని పెదనాన్న అంటాను, ఆమెను లెక్చరరు అంటాను. అంగారకుడి మీద తిరిగే బండ్ల గురించి వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారని చెబితే, ముసలాయన "మనకెందుకమ్మా ఆ గొడవ" అని ఉంటాడు, చదువుకున్న పిల్ల సైన్సు గొప్పలు చెప్పి ఉంటుంది అనుకుంటారు వినేవాళ్లు. జరిగింది దానికి సరిగ్గా తిరగేసి.

కాయ నింపిన ట్రేల పక్కన మంచం మీద పడుకుని ఆయన ఫోను చూస్తున్నాడు. తెర మీద ఎర్ర మట్టి, రాళ్లు, మళ్లీ రాళ్లు.

లెక్చరరు: ఇవాళ కూడా అవేనా పెదనాన్నా?

పెదనాన్న: ఇవాళ్టివి వేరు. నిన్న ఈ నల్లరాయి అదిగో అంత దూరాన ఉంది, ఇవాళ చక్రం పక్కకొచ్చింది. అంటే బండి కదిలిందన్నమాట. నాసా వాళ్లు కెమెరా తీసింది తీసినట్టు పెట్టేస్తారమ్మా, దిద్దరు, కత్తిరించరు. డాలస్ నుంచి మనవరాలు వచ్చినప్పుడు ఫోన్లో పెట్టిపోయింది. పొద్దున పేపరు, రాత్రికి ఇది.

లెక్చరరు: ఏ బండి? క్యూరియాసిటీనా, పర్సెవరెన్సా?

పెదనాన్న: ఇది క్యూరియాసిటీ. 2012లో దిగింది, ఇంకా నడుస్తోంది. రెండోదాంట్లో నా పేరుంది.

(అది నిజమే. 2019లో పేర్లు పంపమని నాసా అడిగితే ప్రపంచమంతా కలిసి కోటీ తొమ్మిది లక్షల పేర్లు పంపింది. గోరంత చిప్పుల మీద చెక్కి పర్సెవరెన్స్‌కి బిగించారు. 2021 ఫిబ్రవరి 18న ఆ పేర్లన్నీ అంగారకుడి మీద దిగాయి. మనవరాలు తీసిచ్చిన బోర్డింగు పాసు ఆయన ఇంట్లో అద్దాల బీరువాకి అంటించి ఉంది. పట్టాదారు పాసు పుస్తకంలో పదేళ్లుగా ఇంటిపేరు తప్పు పడి ఉందని, అంగారకుడి మీద మాత్రం సరిగ్గా పడిందని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.)

లెక్చరరు: నాకు ఈ మోజు అర్థం కాదు. నేను ఫిజిక్సు చెప్పి బతికేదాన్ని, నాకే అర్థం కాదు.

పెదనాన్న: ఏం అర్థం కాలేదు?

లెక్చరరు: ఒకటి అడుగుతాను, చెప్పండి. 2023 మేలో, సరిగ్గా ఇలాంటి కోతల్లోనే, రెండు వేల నోట్లు వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటించింది గుర్తుందా?

పెదనాన్న: గుర్తు లేకేం. ఆ వారం సొమ్మంతా వ్యాపారి ఆ నోట్లలోనే చేతిలో పెట్టి పోయాడు. బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో.

లెక్చరరు: ఆ నోటు వెనకవైపు ఏ బొమ్మ ఉంది?

పెదనాన్న పైకప్పు తాటాకుల్లోకి చూశాడు. నేనూ చూశాను. ఇద్దరికీ గుర్తు రాలేదు.

లెక్చరరు: మంగళయాన్. 2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుంచే లేచింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 24కి అంగారకుణ్ణి చేరింది, అదీ మొదటి ప్రయత్నంలోనే. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది ఏడేళ్లు దాటి పనిచేసింది. దాని బొమ్మ ఆరున్నరేళ్లు మీ జేబులో, దిండు కింద, బీరువాలో ఉంది. మీరు ఒక్కసారీ చూడలేదు. ఎందుకంటే దానికి చక్రాలు లేవు.

ఆమె చెప్పడం ఆపలేదు. 2008లో వెళ్లిన చంద్రయాన్-1 సంగతి ఎత్తింది. చంద్రుడి మీద నీటి జాడ ఉందని మరుసటి ఏడాది లోకానికి తెలిసింది దాని మీద పెట్టిన పరికరం వల్లే. చంద్రయాన్-2 అంటే అందరికీ 2019 సెప్టెంబరులో పడిపోయిన ల్యాండరు విక్రమే గుర్తుకొస్తుంది. పైన తిరిగే దాని ఆర్బిటరు మాత్రం పడలేదు. నాలుగేళ్ల తర్వాత రెండో విక్రమ్ ఎక్కడ దిగాలో చూసుకోవడానికి అది తీసిన ఫొటోలే వాడారు.

లెక్చరరు: 2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరూ నాలుగింటికి ఆ రెండో విక్రమ్ దిగుతుంటే ఇస్రో యూట్యూబులో ఒకే సమయంలో ఎనభై లక్షల మందికి పైగా చూశారు. మంచిదే. ఆ ఎనభై లక్షల్లో ఆర్బిటరు ఇప్పటికీ తిరుగుతోందని ఎంతమందికి తెలుసు? అందుకే అంటాను, మన మోజు సైన్సు మీద కాదు, బొమ్మ కారు మీద.

పెదనాన్న: గద్ద ఊరంతా చూస్తుందమ్మా. గద్ద వెంట ఎవడైనా పోయాడా? పెరట్లో కోడిపిల్ల నాలుగడుగులు వేస్తే ఇంటిల్లిపాదీ వాకిట్లోకొస్తారు. పైన తిరిగేదాన్ని చూస్తే మెడనొప్పి, అంతే. నేల మీద నడిచేది మనలాంటిది. రాయి అడ్డమొస్తే ఆగుతుంది, ఇసుక వస్తే కూరుకుపోతుంది. నాకూ అవే కష్టాలు.

లెక్చరరు: కూరుకుపోయేదాన్ని చూసి జాలిపడితే అది సైన్సా?

పెదనాన్న: కుంటెద్దు కథ తెలుసా నీకు?

లెక్చరరు: ఏ ఎద్దు?

పెదనాన్న: స్పిరిట్ అని ఒక బండి. 2004లో దిగిన రెండిట్లో ఒకటి. రెండేళ్లకి దాని ముందు కుడి చక్రం పట్టేసింది, తిరగదు. వాళ్లేం చేశారు? వెనక్కి నడిపించడం మొదలుపెట్టారు, ఆ చక్రం నేల మీద ఈడ్చుకుంటూ వచ్చేది. 2007లో అట్లా ఈడ్చిన చాల్లో కింద తెల్లమట్టి బయటపడింది. చూస్తే దాదాపు అంతా సిలికా. ఒకప్పుడు అక్కడ వేడినీళ్లు ఉండబట్టే అట్లాంటి మట్టి తయారైందని తేల్చారు. చక్రం బాగుంటే ఆ మట్టి మీదుగా దర్జాగా వెళ్లిపోయేది. మా నాన్న కుంటెద్దుతో దున్నినప్పుడు కర్రు లోతు దిగి పడేది. ఆ ఏడు చేలో పాత కుండపెంకులు తేలాయి. ఈ కథ నీ ఆర్బిటరు చెబుతుందా?

ఆమెకి ఈ కథ నచ్చింది, ముఖంలో తెలిసింది. ఒప్పుకోలేదు గానీ ఫ్లాస్కు తీసి ముగ్గురికీ టీ పోసింది.

లెక్చరరు: కథ బాగుంది. నేను భయపడేది కథలకే. 2018 జూన్‌లో అంగారకుడంతా దుమ్ము కమ్మింది. స్పిరిట్ తోటిదే, ఆపర్చునిటీ, దానికి ఎండ అందలేదు. తొంభై రోజులకని పంపితే పధ్నాలుగేళ్లు పనిచేసింది, 45 కిలోమీటర్లు నడిచింది. జూన్ 10 తర్వాత పలకలేదు. వెయ్యికి పైగా సందేశాలు పంపి చూశారు. 2019 ఫిబ్రవరి 13న ఇక లేదన్నారు. అప్పుడు లోకమంతా ఒక వాక్యం తిరిగింది, బ్యాటరీ తగ్గిపోతోంది, చీకటి పడుతోంది అని అది చివరిగా చెప్పిందట.

పెదనాన్న: మనవరాలు చెప్పింది. ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

లెక్చరరు: అది చెప్పలేదు పెదనాన్నా! బండి పంపింది అంకెలు. కరెంటు ఇంత, ఆకాశం మసక ఇంత. ఇంజినీర్లు ఆ అంకెల అర్థం ఒక విలేకరికి చెప్పారు, ఆయన దాన్ని మనిషి మాటల్లో రాశాడు. ఆ మాట బండి నోట్లోకి దూరింది. చొక్కాల మీద అచ్చు వేసుకున్నారు. మన ఇస్రో మాత్రం తక్కువ తిందా? చంద్రుడి మీద నడిచిన మన బండి ప్రజ్ఞాన్, విక్రమ్ ఫొటో తీస్తే నవ్వమని చెప్పినట్టు రాశారు. ప్రజ్ఞాన్ గుండ్రంగా తిరుగుతుంటే, చందమామ పెరట్లో పాప ఆడుకుంటోంది, తల్లి మురిపెంగా చూస్తోంది అని రాశారు. ఇరవై ఆరు కేజీల యంత్రం అది. సెకనుకి ఒక సెంటీమీటరు నడుస్తుంది. పాపేంటి?

పెదనాన్న: పూత రాలిపోతే మనం చెట్టు అలిగింది అంటాం. చెట్టు అలగదని నాకు తెలీదా? అలిగింది అన్నామంటే పోయి మొదట్లో మట్టి తవ్వి చూస్తాం. "నత్రజని తగ్గింది" అంటే ఎవడూ లేవడు, పొద్దున చూద్దాంలే అనుకుంటాడు. ఆ మాట చెట్టు కోసం కాదమ్మా, మనల్ని లేపడం కోసం.

లెక్చరరు: సరే. కానీ యంత్రాన్ని పాప చేస్తే మనుషులు మాయమైపోతారు, దానికేమంటారు? 2023 ఆగస్టు 27న ప్రజ్ఞాన్‌కి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గొయ్యి కనబడింది. మర్నాడు ఎవరి నోట విన్నా, గొయ్యిని చూసి తెలివిగా వెనక్కి తిరిగింది అనే. తెలివి ఎవరిది? బెంగుళూరులో కూర్చుని ఆ బొమ్మ చూసి, వెనక్కి తిప్పమని ఆదేశం పంపినవాళ్లది. వాళ్ల మొహాలు ఎవరికి తెలుసు? విక్రమ్ దిగిన రోజు మా కాలేజీలో పెద్ద తెర కట్టాం. మగపిల్లలు విక్రమ్ కోసం కేకలు పెట్టారు. ఆడపిల్లలు కొందరు, మైకు ముందుకొచ్చిన సహ ప్రాజెక్ట్ డైరెక్టరు కాళహస్తి కల్పనని చూశారు. చిత్తూరు జిల్లావిడ అని తెలిశాక ఇంకా చూశారు. నాకు ఆ చూపు కావాలి. దిగిన వారానికి వాళ్లు కూడా ఆమెని మర్చిపోయి ప్రజ్ఞాన్ రీళ్లు పంపుకున్నారు.

ఇక్కడ నేను లెక్చరరు పక్షం. ఒక పని వెనక వందల చేతులుంటే, జనం ముద్దు పెట్టుకోవడానికి చేతుల్ని కాక పనిముట్టుని ఎంచుకుంటారు. మామిడి పండుకి పేరుంటుంది, బంగినపల్లి అనీ చిన్నరసం అనీ. చిక్కం పట్టి, జీడి కారకుండా తొడిమతో కోసినవాడి పేరు ఏ పెట్టె మీదా ఉండదు. పెదనాన్న కూడా కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది ఎక్కడినుంచో.

పెదనాన్న: నాకు పన్నెండో పదమూడో ఏళ్లప్పుడు స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకోవడానికి 'సోవియట్ భూమి' కావాలి. నున్నటి కాగితం, చినగదు. ఊళ్లో పార్టీ ఆయన ఇంటికిపోయి అడిగి తెచ్చుకునేవాళ్లం. నా లెక్కల పుస్తకం అట్ట మీద ఒక బొమ్మ పడింది. మూత తీసిన గుండిగకి ఎనిమిది చక్రాలు పెట్టినట్టుంది. కింద చదివితే చంద్రుడి మీద నడిచే బండి అని ఉంది.

లెక్చరరు: లూనోఖోద్. 1970 నవంబరు.

పెదనాన్న: ఏడాదంతా ఆ అట్ట చూశాను, లెక్కలు తక్కువ చూశాను. మాస్టారు ఒకరోజు అడిగాడు, ఏంట్రా చూస్తున్నావు అని. ఎవరు తోలుతున్నారండీ ఇందులో మనిషి లేడుగా అన్నాను. ఆయనా చూసి, భూమ్మీద కూర్చుని తోలుతార్రా అన్నాడు. అంటే పగ్గం అంత పొడుగు! నా కళ్ల ముందు అదే ఇప్పటికీ. నువ్వు మనుషులు మాయమైపోతారంటున్నావు, నాకు ఆ రోజు నుంచీ బండిని చూస్తే తోలేవాడే కనబడతాడు.

లెక్చరరు: ఆ తోలేవాళ్లు క్రిమియాలో ఉండేవాళ్లు, ఐదుగురు ఒక జట్టు. తెర మీద బొమ్మ ఆగి ఆగి వచ్చేది. వాళ్లు చూసేది కొన్ని సెకన్ల కిందటి చంద్రుణ్ణి. గొయ్యి కనబడి ఆపమనేసరికి బండి గొయ్యి అంచున ఉండొచ్చు.

పెదనాన్న: మరి అంగారకుడి మీద?

లెక్చరరు: అక్కడ తోలడమే కుదరదు. మాట చేరడానికే కొన్ని నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు ఇరవై దాటుతుంది. అందుకని రేపటి పనంతా ముందే రాసి పంపేస్తారు. అక్కడి రోజు మన రోజు కంటే దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ. దిగిన కొత్తలో ఇంజినీర్లు ఆ గడియారం ప్రకారమే బతుకుతారు. ఇవాళ పదింటికి డ్యూటీ అయితే రేపు పదీ నలభైకి, ఎల్లుండి పదకొండూ ఇరవైకి. నెల తిరిగేలోపు పగలు రాత్రవుతుంది, రాత్రి పగలవుతుంది.

పెదనాన్న: రాత్రి కరెంటు!

లెక్చరరు: ఏంటి?

పెదనాన్న: బోరుకి ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇచ్చేవాళ్లు. రెండింటికి లేచి లైటేసుకుని తోటకి పోయి మోటారు వేయడం, పాములు చూసుకుంటూ నడవడం. మీ పెద్దమ్మ ఇది ఏ లోకపు టైమురా భగవంతుడా అనేది. అంగారకుడి టైమని అప్పుడు తెలీలేదు.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. లూనోఖోద్ పది నెలలు బతికితే మన ప్రజ్ఞాన్ పదిహేను రోజులు కూడా ఎందుకు నిలవలేదని. ఆమె చెప్పింది. చంద్రుడి మీద పగలు పధ్నాలుగు రోజులు, రాత్రి పధ్నాలుగు రోజులు. రాత్రి చలి సున్నాకి వంద డిగ్రీలకు పైగా కిందికి పోతుంది. రష్యావాళ్లు బండి కడుపులో పొలోనియం అనే లోహం పెట్టారు, అది తనంతట తాను వేడి పుట్టిస్తుంది. చీకటి పడే వేళకి మూత మూసేసేవాళ్లు. పొద్దున మూత తీస్తే లోపలివైపు సౌరపలకలకి ఎండ తగిలేది.

పెదనాన్న: కుంపటి పెట్టి దుప్పటి కప్పారు. మనం కుంపటి పెట్టలేదు.

లెక్చరరు: పెట్టలేదు. ఒక్క పగటికని పంపాం. ఆ పగట్లో వంద మీటర్లు నడిచింది, దక్షిణ ధ్రువం వైపు నేలలో గంధకం ఉందని చూసింది, పని అయింది. సెప్టెంబరు 22న మళ్లీ పొద్దు పొడిచాక పిలిచి చూశారు. పలకలేదు. దానికి కూడా ఊళ్లో మీరే దిగులుపడ్డారని నాన్న చెప్పాడు.

పెదనాన్న: గంధకం అని విన్నప్పుడు మటుకు నవ్వొచ్చింది. బూడిద తెగులుకి మనం పూత మీద కొట్టేది అదే కదా. అక్కడా అదే ఉందన్నమాట అనుకున్నా. ఇంకోటి కూడా చదివాను, పైన మట్టి యాభై అరవై డిగ్రీలు కాలుతుంటే, నాలుగు వేళ్ల లోతున సున్నా కంటే పది తక్కువట! మన పాదుల్లో ఎండాకు కప్పితే అడుగున చల్లగా ఉన్నట్టు.

లెక్చరరు: అది కొలిచింది ఎవరో తెలుసా?

పెదనాన్న: ప్రజ్ఞానే కదా.

లెక్చరరు: కాదు! కదలకుండా నిలబడ్డ విక్రమ్. దాని కాలి దగ్గర నుంచి ఒక పుల్ల మట్టిలోకి దిగింది. చూశారా, మీక్కూడా పేరు చక్రాలకే పోయింది.

ఆ దెబ్బ బాగా తగిలింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. అప్పటిదాకా సరదాగా నడిచిన వాదం అక్కడి నుంచి గట్టిపడింది.

లెక్చరరు: నేను గొడవ పడేది మీతో కాదు పెదనాన్నా. మొన్న ఏప్రిల్లో గాలివాన వస్తుందని మీకు రెండు రోజుల ముందు తెలిసింది, సగం తోట కోసేశారు, ఆ కాయ దక్కింది. ఆ కబురు వెనక ఉన్నది ఇన్శాట్. 2024 ఫిబ్రవరి 17న ఇన్శాట్-3డీఎస్ శ్రీహరికోట నుంచే పోయింది. మీకు అన్నం పెట్టే ఉపగ్రహం పేరు మీకు తెలీదు, ఎవరికీ పనికిరాని రాళ్ల మధ్య తిరిగే బండి పుట్టినరోజు కూడా తెలుసు.

పెదనాన్న: పంపుసెట్టు కూడా నాకు అన్నం పెడుతుంది. దానికి పుట్టినరోజు చేస్తానా? దసరాకి బొట్టు పెడతాను, అయిపోయింది. పనికొచ్చేదాన్ని మర్యాదగా చూసుకుంటాం తల్లీ. ప్రేమ వేరే.

లెక్చరరు: ఆ రాళ్లలో ఏముందని ప్రేమ?

పెదనాన్న వెంటనే చెప్పలేదు. ఫోను ఆర్పి పక్కన పెట్టాడు.

పెదనాన్న: ఈ తోటలో నేను ఏ చెట్టుని చూసినా లెక్కే కనబడుతుంది. పూత చూస్తే మందు ఖర్చు. పిందె చూస్తే, ఎన్ని రాలతాయి, ఎన్ని నిలుస్తాయి. కాయ చూస్తే, ఇది చెట్టుకి ఎన్ని కేజీలు, టన్ను ఎంత, కమీషను ఎంత, కూలి ఎంత. ఆకాశంలో మబ్బు చూస్తే నష్టం. నలభై ఏళ్లయిందమ్మా నేను మబ్బుని మబ్బుగా చూసి. మీ పెద్దమ్మ పోయినప్పుడు కూడా, పన్నెండో రోజూ కోతలూ ఒకేసారి వచ్చాయని లెక్క వేశాను. ఈ రాళ్లని చూస్తే నాకు ఏ లెక్కా రాదు. ఆ నేల ఎవరిదీ కాదు, దాన్ని కౌలుకి అడిగేవాడు లేడు. అందులో ఏదీ పండదు, రాలదు. ఊరికే చూస్తాను. నువ్వు పనికిరాని రాళ్లు అన్నావే, ఆ పనికిరానితనం కోసమే చూస్తాను.

గాలి లేదు. ట్రేల్లోంచి రసాల వాసన. ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా నా తోటని అలా ఊరికే ఎప్పుడు చూశానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

లెక్చరరు: (కొంచెంసేపటికి) ఇది మీ ఒక్కరి సంగతైతే నేను నోరెత్తను. కానీ కోట్లమంది ప్రేమ ఎటు పోతే డబ్బు అటు పోతుంది. అంతరిక్ష సంస్థలకి ఆ సంగతి బాగా తెలుసు. బోర్డింగు పాసులు, పిల్లల చేత బండ్లకి పేర్లు పెట్టించే పోటీలు, అన్నీ అందుకే. నడిచేదానికి, నవ్వించేదానికి చప్పట్లు. చక్రాలు లేనిది, ముద్దుగా లేనిది వరసలో వెనక నిలబడాలి. పోయిన ఏడు మీ పూతంతా తినేసిన తామరపురుగు ఉంది చూడండి, దాని మీద పనిచేసేవాళ్లని చూడటానికి ఏ రాత్రైనా ఒక్కరు మేలుకున్నారా? పురుగు ముద్దుగా లేదు. అంతే దాని నేరం.

పెదనాన్న: అది మాత్రం నిజం.

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఆయన ఆగలేదు.

పెదనాన్న: నిజమే గానీ, చూపు ఊరికే పోదు తల్లీ. 2019లో మన విక్రమ్ పడిపోయినప్పుడు ఎక్కడ పడిందో నాసావాళ్లకి దొరకలేదు. కనిపెట్టింది ఎవరు? చెన్నైలో ఒక కుర్రాడు, ఇంజినీరు, అంతరిక్షం వాడేం కాదు. రాత్రుళ్లు కూర్చుని పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టుకుని ఒక చుక్క తేడా పట్టాడు. డిసెంబరులో నాసావాళ్లు అవునన్నారు. నాలాంటివాడే. ఊరికే చూసేవాడు.

లెక్చరరు: షణ్ముగ సుబ్రమణియన్. మా పిల్లలకి నేనే చెబుతాను ఆయన గురించి. కానీ పెదనాన్నా, ఆయన వెతికిన ఫొటోలు ఎవరు తీశారు? నాసా ఆర్బిటరు. పైన తిరిగేదే. గద్దే!

పెదనాన్న: (నవ్వి) నువ్వు లాయరు కావాల్సింది.

దూరంగా రోడ్డు మీద ఏదో బండి చప్పుడైంది. ముగ్గురం అటు చూశాం. అది ఆగలేదు, హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లిపోయింది. పెదనాన్న డ్రైవరుకి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. రెండింటికల్లా వస్తానన్నవాడు, మూడు కావస్తోంది. మార్కెట్టులో పొద్దున పాటకి అందకపోతే కాయ ఇంకో రోజు మగ్గుతుంది, ధర ఇంకో మెట్టు దిగుతుంది.

లెక్చరరు: మీ పేరు మోసుకుపోయిన బండి ఏం చేస్తోందో తెలుసా? రాళ్లకి చిల్లులు పెట్టి ముక్కలు గొట్టాల్లో నింపి మూత వేస్తోంది. భూమికి తెప్పించి చూద్దామని. పది గొట్టాలు 2022 చివర్న, 2023 మొదట్లో ఒకచోట నేల మీద వరసగా పెట్టింది, ఏదైనా జరిగితే అవైనా దక్కుతాయని. మిగతావి కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

పెదనాన్న: తెచ్చేదెవరు?

లెక్చరరు: అదే తేలలేదు. వేసుకున్న పథకానికి ఖర్చు చుక్కలంటింది, పక్కన పెట్టారు.

పెదనాన్న: అంటే కాయ కోసి గట్టు మీద పెట్టారు. లారీ లేదు.

లెక్చరరు: లారీ లేదు.

ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి టార్చి తీసుకుని ట్రేల దగ్గరికి వెళ్లాడు. పై వరస కాయలు రెండు తీసి తొడిమల దగ్గర వేలితో రాసి చూశాడు. జీడి ఆరిపోయింది.

పెదనాన్న: వాటికి మూతలు గట్టిగా వేశారంటావా?

లెక్చరరు: గాలి కూడా దూరనంత గట్టిగా వేశారు పెదనాన్నా. ఎన్నేళ్లైనా పాడవవు.

పెదనాన్న: అదృష్టవంతులు.

టార్చి ఆర్పి మళ్లీ డ్రైవరు నంబరు నొక్కాడు.